తప్పు హ్యాండ్‌సెట్‌ది కాదు, బేస్ పెట్టిన చోటుది

ప్రశ్న: కోఠీలో ఒక మందుల హోల్‌సేల్ ఆఫీసులో బిల్లింగ్ కౌంటర్లో పనిచేస్తాను. మొన్నటిదాకా వైరున్న పాత ఫోన్ ఉండేది. ఫైబర్ కనెక్షన్ పెట్టించాక సార్ రెండు హ్యాండ్‌సెట్ల కార్డ్‌లెస్ ఫోన్ కొన్నారు. ఒకటి నా కౌంటర్లో, ఇంకోటి పై అంతస్తులో గోడౌన్లో. అప్పట్నుంచీ టెన్షనే. ఊళ్లో ల్యాండ్‌లైన్లకు ఫోన్ వెళ్తోంది. మొబైల్ నంబర్లు మాత్రం మా పాత డైరీలో చూసి కొడితే వెళ్తున్నాయి, ఫోన్లో సేవ్ చేసినవాటికి, మిస్డ్ కాల్స్‌కి తిరిగి చేస్తే వెళ్లట్లేదు. వెనక ర్యాకుల మధ్యకు నడిస్తే మాట తెగిపోతుంది. పైన ఒక్కోసారి రింగే రాదు. 'అమ్మా, గొంతు వినపడట్లేదు' అని షాపులవాళ్లు విసుక్కుంటున్నారు. కరెంటు పోతే ఫోనూ పోతుంది. పైవాళ్లకు కాల్ ఎలా పంపాలో తెలియక మెట్లెక్కి హ్యాండ్‌సెట్ ఇచ్చి వస్తున్నా. సార్ బావమరిది డాలస్ నుంచి తెచ్చిన ఇంకో కార్డ్‌లెస్ సెట్ ఉంది, అది పైన పెట్టేద్దాం అంటున్నారు. పెద్దసార్ అయితే పాత ఫోనే పెట్టమంటున్నారు. 'నీ చేతిలో పడి నెలకే పాడైంది' అని సార్ అందరి ముందూ అన్నారు. నేను ఏం తప్పు చేస్తున్నాను?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: అమ్మా, మీ చివరి మాటకే ముందు జవాబు చెప్తాను. మీ తప్పేమీ లేదు. కౌంటర్లో కూర్చుని మాట్లాడినంత మాత్రాన నెలకే పాడయ్యేంత నాజూకు వస్తువు కాదు కార్డ్‌లెస్ ఫోన్. ఇరవై ఏళ్లకు పైగా ఆఫీసుల్లో ఫోన్లూ ఇంటర్‌కమ్‌లూ బిగించే పని చేశాను. 'కొత్త ఫోన్ బాగాలేదు, వచ్చి చూడు' అని కబురొస్తే వెళ్లేవాణ్ని. ఫోన్ నిజంగా పాడైన సందర్భాలు చాలా తక్కువ. పెట్టిన చోటు బాగుండేది కాదు, లేదంటే పెట్టినవాళ్లు చెప్పాల్సిన నాలుగు ముక్కలు చెప్పకుండా వెళ్లిపోయేవాళ్లు. మీ ఉత్తరం చదివితే రెండూ జరిగాయనే అనిపిస్తోంది.

చేతిలో పట్టుకుని మాట్లాడేదే ఫోన్ అనుకుంటాం కదా. నిజానికి ఫోన్ అంటే లైను వైరు తగిలించిన ఆ పెట్టె, అంటే బేస్. లైను వచ్చేది దానికి, నంబరు కలిపేది అది, ఎవరైనా చేస్తే ముందు తెలిసేదీ దానికే. హ్యాండ్‌సెట్ దానితో రేడియోలో మాట్లాడే చిన్న సెట్టు, అంతే. అందుకే ఏ కంప్లయింటు వచ్చినా హ్యాండ్‌సెట్‌ని అటూ ఇటూ కొట్టి చూడకుండా, బేస్ ఎక్కడుందో చూడండి.

మీరు రాయలేదు గానీ మీ బేస్ ఎక్కడుందో నేను చెప్పగలననుకుంటున్నా. ఫైబర్ బాక్సును ఆనుకుని, బిల్లింగ్ కంప్యూటర్ వెనకాల, లేదా బీరువా మీద. ఫైబర్ పెట్టడానికి వచ్చిన అబ్బాయి పెట్టెలో ఉన్న చిన్న వైరు ఎంతదాకా అందితే అక్కడే ఫోన్ పెట్టి, డయల్ టోన్ వినిపించి వెళ్లిపోతాడు. ఇంట్లో అయితే అలా నడుస్తుంది. మందుల గోడౌన్లో నడవదు.

ఎందుకంటే మీ దగ్గర నేల నుంచి కప్పుదాకా ఇనప ర్యాకులే. రేడియో సిగ్నల్ ఇటుక గోడలోంచి కొంత బలం పోగొట్టుకుని అయినా దాటుతుంది. ఇనప రేకు దగ్గర మాత్రం ఆగి పక్కకు మళ్లుతుంది. పైకి వెళ్లాలంటే మధ్యలో స్లాబు, అందులో ఇనప చువ్వలు. పెట్టె మీద 300 మీటర్లు అని చూసి సార్ కొని ఉంటారు. అది అడ్డేమీ లేని ఖాళీ మైదానంలో లెక్క. లోపల వాడితే 50 మీటర్లని కంపెనీలే రాస్తాయి. మీ ర్యాకుల మధ్య అందులో సగం దొరికినా సంతోషించాలి. వెనక్కి వెళ్తే మాట తెగడానికీ, పైన రింగు రాకపోవడానికీ కారణం ఇదే.

దీనికి డబ్బు ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. షాపు కట్టేసే వేళ, బేరం తగ్గాక, పైన పనిచేసే అబ్బాయిని తోడు తీసుకోండి. మీరు ఒక హ్యాండ్‌సెట్‌తో బేస్ దగ్గరే నిలబడి, రెండో హ్యాండ్‌సెట్‌కి ఇంటర్‌కమ్‌లో కలపండి (ఎలాగో కింద చెప్తాను). మీరు ఒకటి, రెండు, మూడు అని నెమ్మదిగా లెక్కపెడుతూ ఉండండి. ఆ అబ్బాయి రెండోది చెవికి పెట్టుకుని, చేతిలో సుద్దముక్క పట్టుకుని ర్యాకుల సందుల్లోకి, తర్వాత మెట్ల మీదుగా పైకి నడుస్తాడు. ఎక్కడ ఒక అంకె వినపడకుండా పోయిందో అక్కడ నేల మీద గీత గీస్తాడు. ఇరవై నిమిషాల్లో మీ ఆఫీసంతా గీతలతో ఒక పటం తయారవుతుంది. ఆ తర్వాత బేస్‌ని మూడడుగులు జరిపి, కాస్త ఎత్తులో పెట్టి మళ్లీ చేయండి. గీతలు ఎంత వెనక్కి జరుగుతాయో మీ కళ్లతో మీరే చూస్తారు. సార్‌ని కూడా పిలిచి చూపించండి. ఎవరూ ఎవరితో వాదించాల్సిన పని ఉండదు.

బేస్‌కి మంచి చోటు ఏదంటే, మీ ఆఫీసు చూడకుండానే చెప్తాను, మెట్ల దగ్గర. స్లాబులో పెద్ద ఖాళీ అక్కడే ఉంటుంది కాబట్టి సిగ్నల్ పైకి పోవడానికి అంతకంటే తేలిక దారి లేదు. తలకంటే ఎత్తులో గోడకు చెక్క పలక కొట్టి దాని మీద పెట్టండి. చాలా బేస్‌లకు వెనక రెండు రంధ్రాలుంటాయి, మేకులకు తగిలించేయొచ్చు. బీరువా మీద, ఫ్రిజ్ పక్కన, ఏసీ కింద వద్దు. ఫైబర్ బాక్సుని కదిలించక్కర్లేదు. దాని దగ్గర్నుంచి బేస్ దాకా వెళ్లేది మామూలు టెలిఫోన్ వైరే, పది మీటర్ల పొడవు గలది రెడీగా దొరుకుతుంది. గోడ వెంట క్లిప్పులు కొట్టి లాగాలి. తలుపు సందులోంచి మాత్రం పోనివ్వకండి, నలిగితే లైన్లో గరగర మొదలవుతుంది. ప్లగ్గు తిరిగి పెట్టేటప్పుడు ఫైబర్ బాక్సులో టెల్ అనో ఫోన్ అనో రాసి ఉన్న చిన్న సాకెట్లోనే పెట్టండి. పక్కన వెడల్పుగా ఉన్నవి ఇంటర్నెట్‌వి. ఫోన్ ప్లగ్గు అందులోనూ దూరుతుంది, దూరిందని సరైందే అనుకుంటాం, డయల్ టోన్ మాత్రం రాదు. కొన్ని బాక్సులకు ఫోన్ సాకెట్లు రెండుంటాయి. ఇప్పుడు దేనిలో ఉందో తీసేముందే పెన్నుతో గుర్తు పెట్టుకోండి.

బేస్ అడుగున అంటించిన లేబుల్ కూడా ఒకసారి చదవండి. 2.4 గిగాహెర్ట్జ్ అని ఉంటే అది వైఫై వాడే రేడియో ఫ్రీక్వెన్సీ వరుసే. అలాంటి బేస్‌ని వైఫై బాక్సుకు ఆనించి పెడితే రెండూ ఒకదాన్నొకటి తొక్కేస్తాయి. కనీసం ఒకటిన్నర రెండు మీటర్లు ఎడంగా ఉంచాలి. మీ ఆఫీసులో టిఫిన్ బాక్సులు వేడి చేసుకునే మైక్రోవేవ్ ఉంటే దానికీ దూరంగా పెట్టండి, అదీ ఆ వరుసలోనే పనిచేస్తుంది. లేబుల్ మీద డెక్ట్ (కార్డ్‌లెస్ ఫోన్ల రేడియో పద్ధతి పేరు) అనీ 1880 నుంచి 1900 మెగాహెర్ట్జ్ అనీ ఉంటే వైఫైతో అంత గొడవ ఉండదు. ఎడంగా పెట్టడం మాత్రం దానికీ మంచిదే. ఇవన్నీ చేశాక కూడా పైన ఒక మూల అందకపోతే, అప్పుడు ఆ మోడల్‌కి రిపీటర్, అంటే బేస్ సిగ్నల్‌ని అందుకుని ముందుకు పంపే చిన్న పెట్టె, దొరుకుతుందేమో అడగండి. ముందే కొనకండి.

ఇక మొబైల్ నంబర్ల సంగతి. మీరు రాసిన వివరంలోనే జవాబు ఉంది. డైరీలో చూసి కొడితే వెళ్తోంది, సేవ్ చేసినవి వెళ్లట్లేదు. డైరీలో ఎవరో తెలివిగలవాళ్లు నంబరు ముందు సున్నా రాసి పెట్టారన్నమాట. 2021 జనవరి 15 నుంచి దేశమంతా ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి చేయాలంటే ముందు 0 కొట్టాలి. టెలికాం శాఖ పెట్టిన నిబంధన అది. మొబైల్ కనెక్షన్లు పెరిగిపోతున్నాయి కాబట్టి కొత్త నంబర్లకు చోటు కావాలి. ఈ సున్నాతో 250 కోట్లకు పైగా కొత్త నంబర్లకు చోటు దొరుకుతుందని అప్పట్లో లెక్క చెప్పారు. మొబైల్ నుంచి మొబైల్‌కి సున్నా అక్కర్లేదు కాబట్టి చాలామందికి ఈ మార్పు తెలియనే తెలియదు. ల్యాండ్‌లైన్ మీద రోజంతా కూర్చునే మీలాంటివాళ్లకే తగులుతుంది.

ఫోన్లో నంబర్లు ఎక్కించినవారు తమ మొబైల్లో చూసి ఎక్కించి ఉంటారు. అక్కడ పది అంకెలే ఉంటాయి, కొన్నిటికి ముందు +91 ఉంటుంది. రెండూ ఇక్కడ పనికిరావు. ప్రతి మొబైల్ నంబరునీ 0, ఆ తర్వాత పది అంకెలు అన్న తీరులో మార్చాలి. వంద నంబర్లున్నా భయపడకండి, రోజుకు పది చొప్పున చేసుకోండి, రోజూ ఆర్డర్లిచ్చే షాపులతో మొదలుపెట్టి. మిస్డ్ కాల్స్ లిస్టులోనూ ఇదే చిక్కు. వచ్చిన నంబరు పది అంకెలతో కనపడితే, దాని మీద నేరుగా కాల్ బటన్ నొక్కితే సున్నా లేకుండానే పోతుంది. చాలా ఫోన్లలో ఆ నంబరును ముందు మార్చుకుని తర్వాత కలిపే వీలుంటుంది, మెనూలో ఎడిట్ అని ఉంటుంది. లేకపోతే నంబరు కాగితం మీద రాసుకుని సున్నాతో కొట్టడం నయం. మీ ఆఫీసులో బయటి లైను ఇంటర్‌కమ్ బాక్సు గుండా వస్తుంటే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. బయటి లైను తీసుకోవడానికి కొట్టే 0 గానీ 9 గానీ వేరు, మొబైల్ కోసం కొట్టే 0 వేరు. రెండూ కొట్టాలి.

గొంతు సరిగ్గా వినపడట్లేదని షాపులవాళ్లు అంటున్నారన్నారు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి, మీది మందుల వ్యాపారం. పారాసెటమాల్ 500 అన్నారో 650 అన్నారో సగమే వినపడితే ఆర్డరు మారిపోతుంది. బేస్ జరిపితే చాలావరకు బాగవుతుంది గానీ, ఒకసారి హ్యాండ్‌సెట్‌ని కూడా చేతిలోకి తీసుకుని చూడండి. అడుగున, అంకెల కింద, చీమ దూరేంత చిన్న రంధ్రం ఒకటుంటుంది. మైకు అదే. దుమ్ము పడకుండా ఉంటుందని మనవాళ్లు కొత్త ఫోన్‌కి వచ్చిన పాలిథిన్ కవర్ తీయరు, లేదా ఎవరిదో తెలియడానికి 'కౌంటర్' అని లేబుల్ రాసి సరిగ్గా ఆ రంధ్రం మీదే అంటిస్తారు. నేను వెళ్లిన ఒక ఆఫీసులో, పేరెందుకు లెండి, రెండు నెలలుగా కంప్లయింట్లు వస్తున్నాయి. తీరా చూస్తే మైకు మీద ధర స్టిక్కరు. గోరుతో గీకి తీసేశాను, పని అయిపోయింది.

రెండోది మీరు పట్టుకునే తీరు. ఆర్డరు రాసుకుంటూ మాట్లాడాలి కాబట్టి ఫోన్‌ని భుజానికీ చెవికీ మధ్య నొక్కిపట్టుకుంటున్నారు కదా? పాత ఫోన్ రిసీవర్ పొడుగ్గా, వంపుగా ఉండేది, అలా నొక్కినా మైకు నోటి దగ్గరే ఉండేది. ఈ సన్నటి హ్యాండ్‌సెట్‌ని అలా నొక్కితే మైకు దవడ కిందికి, మెడ వైపుకు పోతుంది. మీ గొంతు బదులు మీ చున్నీ రాపిడి వినపడుతుంది అవతలివాళ్లకు. పైగా రోజుకు ఆరేడు గంటలు అలా మెడ వంచితే ఆ నొప్పి సాయంత్రానికి ఇంటికి కూడా వస్తుంది. హ్యాండ్‌సెట్ పక్కన చిన్న గుండ్రటి హెడ్‌సెట్ సాకెట్ ఉందేమో చూడండి. ఉంటే దానికి సరిపోయే మైకున్న హెడ్‌సెట్ కొనివ్వమని సార్‌ని అడగండి. అడగడానికి మొహమాటపడకండి, అది మీ పనిముట్టు. సాకెట్ లేకపోతే ఆర్డర్లు తీసుకునేటప్పుడు స్పీకర్ పెట్టుకుని, ఫోన్‌ని ముందు నిలబెట్టుకోండి. మందు పేరు, ఎంత పవరు, ఎన్ని పెట్టెలు అన్నది తిరిగి చదివి వినిపించే అలవాటు మీకు ఉండే ఉంటుంది, దాన్ని మాత్రం వదలకండి.

పైకి కాల్ పంపడానికి మెట్లెక్కడం ఇక ఆపేయండి. హ్యాండ్‌సెట్ మీద ఇంటర్‌కమ్ అనో ఐఎన్‌టీ అనో బటన్ ఉంటుంది, కొన్నిటిలో మెనూలో ఉంటుంది. మాట్లాడుతుండగా అది నొక్కి, పై హ్యాండ్‌సెట్ నంబరు, సాధారణంగా 2, కొట్టండి. బయటి మనిషి లైన్లో ఆగుతారు. పైవాళ్లు ఎత్తాక 'ఫలానా షాపు నుంచి, స్టాకు అడుగుతున్నారు' అని ఒక ముక్క చెప్పి మీరు కట్ చేయండి. కాల్ వాళ్లకు వెళ్లిపోతుంది. వాళ్లు ఎత్తకపోతే అదే బటన్ మళ్లీ నొక్కితే కాల్ మీ దగ్గరకే తిరిగొస్తుంది. మోడల్‌ని బట్టి బటన్ పేరు మారొచ్చు గానీ వరుస ఇదే. మొదట మీ సొంత మొబైల్ నుంచి ఆఫీసుకు చేసి నాలుగైదుసార్లు ప్రాక్టీస్ చేయండి, కస్టమర్ మీద కాదు.

ఇక్కడే ఒక జాగ్రత్త. వైరున్న ఫోన్ రోజుల్లో రిసీవర్ బల్ల మీద పెట్టి 'ఒక్క నిమిషం' అనేవాళ్లం. ఈ ఫోన్‌ని అలా పెడితే మైకు తెరిచే ఉంటుంది, చుట్టుపక్కల మాటలన్నీ అవతలికి పోతాయి. 'వాళ్ల పాత బాకీ ఇంకా రాలేదు, సరుకు పంపకు' అని ఎవరైనా అన్నారంటే ఆ బాకీదారే నేరుగా వింటాడు. హోల్డ్ గానీ మ్యూట్ గానీ నొక్కకుండా ఫోన్ కింద పెట్టొద్దు.

పైన రింగు రాకపోవడానికి దూరమొక్కటే కారణం కాకపోవచ్చు. ఒక్కో హ్యాండ్‌సెట్‌కి రింగు సౌండ్ విడివిడిగా ఉంటుంది. తెర మీద గంట బొమ్మకు అడ్డగీత కనపడితే ఎవరో రింగు ఆపేశారని అర్థం. తెర మీద సిగ్నల్ గుర్తు మిణుకుమిణుకుమంటూ ఎప్పటికీ నిలవకపోతే మాత్రం అది బేస్‌తో జత తప్పిందేమో. ఒకే పెట్టెలో వచ్చిన రెండూ కంపెనీలోనే జత చేసి వస్తాయి. మళ్లీ కలపాల్సి వస్తే రెండిట్నీ దగ్గర పెట్టుకుని, హ్యాండ్‌సెట్ మెనూలో రిజిస్టర్ ఎంచుకోండి, బేస్ మీద హ్యాండ్‌సెట్‌ని వెతికే బటన్‌ని నాలుగైదు సెకన్లు నొక్కిపట్టండి. పిన్ అడిగితే చాలా ఫోన్లకు 0000. అదే బటన్‌ని ఒక్కసారి నొక్కి వదిలితే, ర్యాకుల్లో ఎక్కడో మరిచిపోయిన హ్యాండ్‌సెట్ కూత పెడుతుంది. మీ గోడౌన్లో ఇది రోజూ పనికొచ్చే బటన్.

ఛార్జింగ్ గురించి మీరు అడగలేదు, కానీ నెల తర్వాత మీ దగ్గర్నుంచి రాబోయే ఉత్తరం దాని గురించే అవుతుంది. మొదటిసారి పూర్తిగా ఎక్కడానికి దాదాపు ఏడు గంటలు పడుతుంది, కొన్నిటికి ఇంకా ఎక్కువ. షాపు కట్టేటప్పుడు రెండిట్నీ తప్పకుండా ఛార్జర్ల మీద పెట్టి వెళ్లండి, పెట్టాక ఛార్జింగ్ గుర్తు వెలిగిందో లేదో చూడండి. లోపల ఉండేవి మామూలు సెల్స్ కాదు. సన్న పెన్సిల్ సెల్‌లా కనపడే నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్ సెల్స్, ఒక్కోటి 1.2 వోల్టులు. రెండేళ్లో మూడేళ్లో గడిచాక బ్యాటరీ తొందరగా దిగిపోతుంటే, రెండూ ఒకే రకానివి, ఒకేసారి మార్చాలి. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే గుజరాతీ గల్లీ మీకు పక్కనే, రీచార్జబుల్ అని నొక్కి చెప్పి అడగండి. గోడ గడియారానికి వేసే సెల్స్‌ని అత్యవసరమని కూడా ఇందులో వేయొద్దు. ఒకసారి ఒక క్లినిక్‌లో రిసెప్షన్ అమ్మాయి అలాగే వేసి రాత్రంతా ఛార్జర్ మీద ఉంచింది. పొద్దున మూత తీస్తే లోపలంతా తెల్లటి పొడి, స్ప్రింగులు పచ్చగా తుప్పు. ఆ హ్యాండ్‌సెట్ మళ్లీ పనిచేయలేదు. ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు, తిట్లు మాత్రం ఆమే తిన్నది.

కరెంటు పోతే ఫోన్ పోవడం మామూలే. పాత రాగి వైరు లైన్లో ఎక్స్ఛేంజి నుంచే దాదాపు 48 వోల్టుల కరెంటు వచ్చేది, అందుకే ఇల్లంతా చీకటైనా ఫోన్ మోగేది. ఫైబర్‌లో వచ్చేది వెలుగు, కరెంటు కాదు. మీ ఫైబర్ బాక్సుకూ కార్డ్‌లెస్ బేస్‌కూ రెండిటికీ కరెంటు కావాలి. హ్యాండ్‌సెట్‌లో బ్యాటరీ నిండుగా ఉన్నా లాభం లేదు. మీ బిల్లింగ్ కంప్యూటర్‌కి యూపీఎస్ ఉంటుంది కదా, ఈ రెండు అడాప్టర్లనీ దాని వెనక సాకెట్లలో పెట్టించండి. ఇవి తినేది కొన్ని వాట్లే. బేస్ మెట్ల దగ్గరకు వెళ్తే అక్కడిదాకా యూపీఎస్ నుంచి ఒక పాయింటు లాగమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి. ఫైబర్ బాక్సు అడాప్టరూ బేస్ అడాప్టరూ చూడ్డానికి ఒకేలా ఉన్నా వోల్టేజీలు వేరు, మార్చి గుచ్చితే బేస్ కాలిపోవచ్చు. ఒకదానికి ఎర్ర టేపు చుట్టండి. అంబులెన్స్ కోసమో పోలీసుల కోసమో 112 కొట్టాల్సి వస్తే మొబైల్ కూడా చేతికందేలా పెట్టుకోండి.

ఇప్పుడు డాలస్ సెట్. దయచేసి ప్లగ్గులో పెట్టనివ్వకండి. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, మనకు 230. దాని అడాప్టర్ అక్కడి కరెంటుకే చేసిందయితే ఇక్కడ పెట్టిన క్షణంలో కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కొని ఆ గండం తప్పించుకున్నా అసలు చిక్కు అలాగే ఉంటుంది. అమెరికా కోసం చేసే డెక్ట్ ఫోన్లు 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్ మధ్య మాట్లాడతాయి. 2100 అని పిలిచే మొబైల్ బ్యాండ్‌లో ఫోన్లు టవర్‌కు సిగ్నల్ పంపే వరుస 1920 మెగాహెర్ట్జ్ దగ్గరే మొదలవుతుంది. అంటే అది కార్డ్‌లెస్ ఫోన్లకు కాదు, మొబైల్ సేవలకు ఉద్దేశించిన చోటు. చుట్టుపక్కలవాళ్ల ఫోన్లకు అంతరాయం కలిగించే వస్తువును తెలిసి తెలిసి పెట్టుకోవడం తప్పు. ఆ హ్యాండ్‌సెట్‌ని మీ బేస్‌కి జత చేద్దామన్నా కుదరదు, రెండూ మాట్లాడే వరుసలే వేరు. బావమరిది గారు ప్రేమతో మోసుకొచ్చారు, వద్దనడం సార్‌కి కష్టంగానే ఉంటుంది. ఈ పేరా ఆయనకు చూపించండి, మీరు అన్నట్టు కాకుండా నేను అన్నట్టు ఉంటుంది.

పెద్దసార్ మాట మాత్రం కొట్టిపారేయొద్దు. పాత ఫోన్ బల్ల మీద ఒకటి ఉండాలని నేను ఏ ఆఫీసుకైనా చెప్తాను. దానికి ఛార్జింగ్ లేదు, ఎవరూ ర్యాకుల్లో పెట్టి మరిచిపోలేరు, మాట తెగదు. టెలిఫోన్ సాకెట్ దగ్గర రెండు దారుల చిన్న స్ప్లిటర్ పెడితే అదే లైను మీద కార్డ్‌లెస్ బేసూ పాత ఫోనూ రెండూ నడుస్తాయి. ఫైబర్ బాక్సు యూపీఎస్ మీద ఉంటే కరెంటు పోయినప్పుడు కూడా అది మోగుతుంది. దాని అడుగునో పక్కనో పీ, టీ అని చిన్న స్విచ్ ఉంటే టీ వైపు పెట్టండి, లేకపోతే ఫోన్లు వస్తాయి గానీ పోకపోవచ్చు. దాన్ని ఆయన కుర్చీ పక్కనే పెట్టండి. పొద్దున్నే షాపు తెరవగానే వచ్చే మొదటి ఫోన్ ఆయనే ఎత్తుతారు, మీరు ఈలోపు కంప్యూటర్ ఆన్ చేసుకోవచ్చు.

ఈ శనివారం సాయంత్రం సుద్దముక్క పరీక్ష చేయండి. బేస్ చోటు తేలాక, ఒక తెల్ల కాగితం మీద పెద్దక్షరాలతో 'మొబైల్‌కి ముందు సున్నా' అని రాసి కౌంటర్ గోడకు అంటించండి. గీతలు ఎక్కడిదాకా జరిగాయో నాకు రాయండి. పైన ఆ చివరి ర్యాకు దాకా అందకపోతే రిపీటర్ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.